మాతృసంస్థల బంధాలను ఏపీఐ ద్వారా ప్రశ్నించడం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంస్థల ఉదాహరణ

పొలాస పరిశోధన స్థానం నుండి వెలువడిన వరి పరిశోధన వ్యాసాలను ఒక పట్టికగా కూర్చే పని కొన్నేళ్ళ క్రితం నాకు వచ్చింది. ఒక గ్రంథసూచీ తెరచి, విశ్వవిద్యాలయం పేరు రాసి, వచ్చిన ఫలితాలను సంవత్సరాల వరుసలో పేర్చాను. పట్టిక చూడడానికి ముచ్చటగానే ఉన్నది. కాని అది 2014 తర్వాతనే మొదలయింది, అంతకు ముందు పొలాస మడుల్లో నాట్లే పడనట్లు. జగిత్యాల సన్నాలుగా రైతులెరిగిన జెజిఎల్ 1798, పొలాస ప్రభగా పిలిచే జెజిఎల్ 384 ఆ ఏటికి ముందే రైతుల పొలాలకు చేరిన రకాలు. తప్పు సూచీది కాదు, నా ప్రశ్నది. నేను ఆ స్థానానికి నేటి తల్లి పేరు మాత్రమే చెప్పి, దాని బిడ్డలందరినీ చూపమన్నాను. మునుపటి తల్లి పేరు అడగలేదు.

సంస్థల సమాచారాన్ని ఇప్పుడు వెబ్ ఏపీఐల ద్వారా నేరుగా ప్రశ్నించవచ్చు. ఒక సంస్థకు పైన ఏ సంస్థ ఉన్నది, కింద ఏవి ఉన్నవి అనే బంధాలు కూడా వాటిలో నమోదై ఉంటాయి. వ్యవసాయ శాస్త్రవేత్తకు ఇది రెండు పనులకు అవసరం. ఒక మండలంలో జరిగిన క్షేత్ర ప్రయోగాలన్నిటినీ ఏరి ఉమ్మడి విశ్లేషణ చేయడం ఒకటి. ఒక స్థానం చేసిన పని ఆ స్థానం ఖాతాలోనే పడినదా అని చూసుకోవడం రెండవది. ఈ రెండింటిలోనూ ప్రశ్న వేసే తీరును బట్టే జవాబు ఉంటుంది.

మూడు ఊళ్ళు, మారిన మాతృసంస్థలు

పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉత్తర తెలంగాణ మండలానికి కేంద్రం. అక్కడే వ్యవసాయ కళాశాల 2008లో ప్రారంభమైంది. అప్పటికి ఈ రెండూ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగాలు. ఆ విశ్వవిద్యాలయం 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా ఏర్పడి, 1996లో రంగా గారి పేరు ధరించింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత రాజేంద్రనగర్ కేంద్రంగా ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. రంగా విశ్వవిద్యాలయం గుంటూరు సమీపంలోని లాం కేంద్రంగా ఆంధ్రప్రదేశ్‌లో కొనసాగుతున్నది. ఇటీవల జయశంకర్ విశ్వవిద్యాలయం పేరులోని ‘రాష్ట్ర’ అనే మాట కూడా తొలగింది. అంటే పొలాసలో సర్వీసు మొదలుపెట్టి అక్కడే విరమించిన శాస్త్రవేత్త ఒకరు, కుర్చీ కదలకుండానే తన వ్యాసాల మీద మూడు నాలుగు విశ్వవిద్యాలయాల పేర్లు రాసి ఉండవచ్చు.

కోరుట్ల పశువైద్య కళాశాల కథ వేరు. పశువైద్య, పాడి, మత్స్య శాఖలు రంగా విశ్వవిద్యాలయం నుండి విడివడి 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. కోరుట్ల కళాశాల దాని కింద పుట్టింది. 2014లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం రావడంతో దాని కిందికి మారింది. కాబట్టి జగిత్యాలకు, కోరుట్లకు మధ్య బస్సు ప్రయాణం కొద్దిసేపే అయినా, ఈ రెండు కళాశాలలకు ఏ కాలంలోనూ ఉమ్మడి మాతృసంస్థ లేదు.

సిరిసిల్ల వ్యవసాయ కళాశాల మూడింటిలో పిన్నది. జిల్లెల్లలో ఉన్న బాబు జగ్జీవన్ రాం వ్యవసాయ కళాశాల విభజన తర్వాత పుట్టినది గనుక దానికి జయశంకర్ విశ్వవిద్యాలయం ఒక్కటే తల్లి. ప్రశ్నించే పద్ధతిని పరీక్షించుకోవడానికి ఇదే మంచి ఉదాహరణ. దీనికి కూడా తప్పు జవాబు వస్తే లోపం చరిత్రలో లేదు, మన ప్రశ్నలో ఉన్నది.

ఇక్కడ మూడు రకాల మార్పులు కలిసి ఉన్నవని గమనించాలి. 1996లో జరిగినది పేరు మార్పు మాత్రమే. 2005లో జరిగినది కొన్ని శాఖల వేర్పాటు. 2014లో జరిగినది విభజన. మన వాడుకలో మూడింటినీ ‘విశ్వవిద్యాలయం మారింది’ అనే అంటాం. డేటాబేసులో మాత్రం ఈ మూడింటికీ మూడు వేర్వేరు చోట్లు ఉన్నవి. ఒకదానికైతే సరైన చోటే లేదు.

ఆర్ఓఆర్ రికార్డు నిర్మాణం

పరిశోధన సంస్థలకు గుర్తింపు సంఖ్యలిచ్చే పట్టికలలో నేడు విరివిగా వాడుకలో ఉన్నది ఆర్ఓఆర్, అనగా రీసెర్చ్ ఆర్గనైజేషన్ రిజిస్ట్రీ. 2019లో మొదలైన ఈ పట్టికను కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీ, క్రాస్‌రెఫ్, డేటాసైట్ కలిసి నడుపుతున్నవి. మొదటి సమాచారం గ్రిడ్ అనే మరొక పట్టిక నుండి వచ్చింది. లక్షకు పైగా సంస్థలు ఇందులో ఉన్నవి. సమాచారాన్ని ఎవరైనా, దేనికైనా, రుసుము లేకుండా వాడుకోవచ్చు.

ఒక్కొక్క సంస్థకు తొమ్మిది అక్షరాంకెల గుర్తింపు ఉంటుంది. అది సున్నాతో మొదలై, చివరి రెండంకెలు సరిచూపు అంకెలుగా ఉంటుంది. రికార్డులో ఉండే ఒక్కొక్క భాగాన్ని కంప్యూటరు పరిభాషలో క్షేత్రమంటారు. మనకు క్షేత్రమంటే పొలమే గనుక ఈ వ్యాసంలో ‘గడి’ అని వాడుతున్నాను. పేర్ల గడిలో అధికారిక నామం, ప్రత్యామ్నాయ నామాలు, పొడి అక్షరాలు విడివిడిగా, భాష గుర్తుతో సహా ఉంటాయి. తెలుగు పేరును కూడా తెలుగు అనే గుర్తుతో చేర్చవచ్చు. స్థాపిత సంవత్సరం, స్థలం, సంస్థ రకం, స్థితి మిగిలిన ముఖ్యమైన గడులు. స్థితి మూడు విధాలు: నడుస్తున్నది, నిలిచిపోయినది, ఉపసంహరించినది.

మనకు కావలసినది బంధాల గడి. ప్రతి బంధానికి మూడే వివరాలుంటాయి: బంధం రకం, అవతలి సంస్థ పేరు, దాని గుర్తింపు. రకాలు ఐదు. మాతృసంస్థకు పేరెంట్, అనుబంధ సంస్థకు చైల్డ్, అధీనత లేని సాన్నిహిత్యానికి రిలేటెడ్, ముందటి సంస్థకు ప్రెడిసెసర్, తర్వాతి సంస్థకు సక్సెసర్. ఈ బంధాలలో తేదీ లేదన్నది మొదట గుర్తుంచుకోవలసిన మాట.

రకాల మధ్య తేడా మన దగ్గరి సంస్థలతోనే తెలుసుకోవచ్చు. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందినది. కాబట్టి మండలి దానికి మాతృసంస్థ. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం సంగతి అట్లా కాదు. మండలి నుండి నిధులు, సమన్వయ పథకాలు, గుర్తింపు ఎన్ని వచ్చినా అది రాష్ట్ర శాసనంతో ఏర్పడిన సంస్థ. నిధులిచ్చిన చేతిని తల్లిగా రాయరాదు. ఈ పొరపాటు విద్యార్థుల పట్టికలలో తరచు చూస్తుంటాను. దాని ఫలితంగా దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలన్నీ ఒకే చెట్టు కొమ్మలై, జాతీయ స్థాయి లెక్కలో అదే వ్యాసం రెండుసార్లు పడుతుంది.

పేరు మార్పుకు ఆర్ఓఆర్‌లో బంధం అక్కరలేదు. పాత పేరు అదే రికార్డులో ప్రత్యామ్నాయ నామంగా చేరుతుంది. ఒక సంస్థ మూతపడి దాని పనిని మరొకటి చేపడితే ముందటి, తర్వాతి సంస్థల బంధం సరిపోతుంది. కాని 2014లో మన దగ్గర జరిగినది ఈ రెండూ కాదు. పాత సంస్థ మూతపడలేదు, కొత్త సంస్థ శూన్యం నుండి రాలేదు. పాత సంస్థ కేంద్రస్థానంగా ఉన్న రాజేంద్రనగర్ ప్రాంగణమే కొత్త సంస్థకు కేంద్రమయింది. ఇటువంటి విభజనకు పై ఐదింటిలో ప్రత్యేకమైన బంధం లేదు. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నపుడు పాత పట్టాదారు పేరు ఏమని రాయాలనే చిక్కు వంటిదే ఇది. పహాణీలో దానికి ఒక నిలువు వరుస ఉన్నది, ఇక్కడ లేదు.

పైకి నడక, కిందికి నడక

ప్రశ్నను పేరుతో మొదలుపెట్టి, వీలైనంత త్వరగా గుర్తింపు సంఖ్యకు మారాలి. పేరుతో వెదికినపుడు మాటలను జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచకపోతే, ‘వ్యవసాయ’, ‘విశ్వవిద్యాలయం’ వంటి మాటల్లో ఏ ఒక్కటి ఉన్న సంస్థ అయినా జవాబులో చేరవచ్చు. ఆంగ్ల లిపిలో మన ఊళ్ళ పేర్లు ఒక్క తీరున ఉండవు. జగిత్యాలలో వై అక్షరం కొందరు రాస్తారు, కొందరు రాయరు. సిరిసిల్లకు సి, ఎస్ రెండూ వాడుకలో ఉన్నవి. కోరుట్ల కొన్ని చోట్ల కోరట్ల అయింది. తెలుగు లిపిలోనే వెదికితే ఈ చిక్కు తగ్గుతుంది గాని, చిరునామాలో తెలుగు అక్షరాలను సంకేతాలుగా మార్చి పంపాలి. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతాక్షరానికి మూడు బైట్లు, అనగా శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలు పడతాయి. ప్రోగ్రాములోని గ్రంథాలయాలు ఈ పని చేసి పెడతాయి. చేత్తో చిరునామా అతికించేవారే తప్పులో పడతారు.

ఒక పేజీకి 20 ఫలితాలు వస్తాయి. మొత్తం సంఖ్య జవాబు పైభాగంలో ఉంటుంది. అది 20 దాటితే రెండవ పేజీ అడగాలి. ఇది చిన్న సంగతిగా తోచినా, అసంపూర్ణమైన పట్టికలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. మామూలుగా అడిగితే నడుస్తున్న సంస్థల రికార్డులు మాత్రమే వస్తాయి. నిలిచిపోయినవీ కావాలంటే అన్ని స్థితులూ చూపమని విడిగా చెప్పాలి. చరిత్ర వెదికేవారికి ఇది తప్పనిసరి.

గుర్తింపు చేతికి వచ్చిన తర్వాత పైకి నడవడం తేలిక. ఆ రికార్డు తెచ్చుకొని, బంధాలలో పేరెంట్ అని ఉన్న గుర్తింపులను ఒక వరుసలో పెట్టాలి. వరుసలో మొదటిది తీసి దాని రికార్డు తేవాలి. దాని పేరెంట్‌లను మళ్ళీ వరుస చివర చేర్చాలి. వరుస ఖాళీ అయ్యేవరకు ఇదే పని. చూసిన గుర్తింపులను వేరే జాబితాలో రాసుకుంటూ, అందులో ఉన్నదాన్ని మళ్ళీ తేకూడదు. ఈ జాగ్రత్త లేకపోతే, ఎక్కడైనా రెండు రికార్డులు పొరపాటున ఒకదానినొకటి మాతృసంస్థగా చూపినపుడు ప్రోగ్రాము గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఒక సంస్థకు ఇద్దరు తల్లులుండడం పొరపాటు కాదు. ఇద్దరు కలిసి నెలకొల్పిన సంస్థకు రెండు బంధాలూ న్యాయమే. అందువల్ల ‘మొదటి పేరెంట్ చాలు’ అని రాసిన ప్రోగ్రామును నమ్మరాదు.

కిందికి నడక కూడా ఇదే, పేరెంట్ బదులు చైల్డ్ చూడాలి. ఫలితాన్ని చదవడంలో మాత్రం తేడా ఉన్నది. ఆర్ఓఆర్ ప్రధానంగా సంస్థలను నమోదు చేస్తుంది. వాటిలోని విభాగాలు, శాఖలు దాని పరిధి కాదు. విశ్వవిద్యాలయంలో భాగమైన కళాశాలలు, పరిశోధన స్థానాలు అన్నిటికీ విడి రికార్డులు ఉండాలనే నియమం లేదు. కాబట్టి కిందికి నడిచినపుడు జాబితా ఖాళీగా వస్తే, ఆ విశ్వవిద్యాలయానికి స్థానాలు లేవని కాదు, వాటికి రికార్డులు లేవని మాత్రమే అర్థం. నేల పరీక్షలో ఒక పోషకాన్ని పరీక్షించకపోవడం వేరు, పరీక్షిస్తే సున్నా రావడం వేరు. ఖాళీ జాబితాను పట్టికలో సున్నాగా రాయకూడదు.

నిర్ణీత సమయంలో ఇన్ని ప్రశ్నలే అడగాలనే పరిమితి ఉన్నది. మన అవసరాలకు అది చాలు. పరిమితి దాటితే 429 అనే సంకేతం వస్తుంది, ఆగి అడగాలి. గుర్తింపు తప్పయితే 404 వస్తుంది. వచ్చిన ప్రతి జవాబునూ ఉన్నదున్నట్లుగా తేదీతో దాచుకోవడం నేను తప్పనిసరి చేశాను. ప్రయోగశాలలో నేల నమూనా మిగులును సీసాలో దాచినట్లు. పట్టిక తరచుగా సవరణ పొందుతుంటుంది గనుక ఈ రోజు వచ్చిన జవాబు వచ్చే ఏడు రాకపోవచ్చు.

వ్యాసాల లెక్కలో వంశక్రమం

సంస్థల బంధాలు తెలిసిన తర్వాత వ్యాసాల దగ్గరికి రావాలి. 2022 జనవరిలో మొదలైన ఓపెన్ అలెక్స్ ఇందుకు అనువైనది. ప్రాచీన అలెగ్జాండ్రియా గ్రంథాలయం పేరు మీద వచ్చిన పేరిది. సంస్థల గుర్తింపునకు ఇది ఆర్ఓఆర్ మీద ఆధారపడుతుంది. ఇందులో ప్రతి సంస్థకు లీనియేజ్, అనగా వంశక్రమం, అనే గడి ఉన్నది. ఆ సంస్థ గుర్తింపు, దాని పైనున్న మాతృసంస్థల గుర్తింపులు అందులో ముందే పేర్చి ఉంటాయి. వ్యాసాలను ఈ గడి ఆధారంగా వడపోస్తే, మాతృసంస్థ పేరుతో అడిగినపుడు అనుబంధ సంస్థల వ్యాసాలు కూడా కలిసి వస్తాయి. మనం మెట్టుమెట్టుగా నడిచే శ్రమ తప్పుతుంది.

సౌకర్యం బాగున్నది గాని, ఈ వంశక్రమం నేటి చెట్టు. దాన్ని 1998 నాటి వ్యాసానికి కూడా అన్వయిస్తారు. ఇక్కడ రెండు రకాల తప్పులు, రెండు వైపులా, జరుగుతాయి. కోరుట్ల వంటి కళాశాలకు విడి రికార్డు ఉండి, నేటి మాతృసంస్థ మాత్రమే నమోదై ఉంటే, విభజనకు ముందటి వ్యాసాలన్నీ నాటికి పుట్టని విశ్వవిద్యాలయం లెక్కలో చేరతాయి. విడి రికార్డు లేని స్థానానికి ఇది తలకిందులవుతుంది. వ్యాసం మీద ఉన్న విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే యంత్రానికి దొరుకుతుంది. 2010లో పొలాస శాస్త్రవేత్త రాసిన వ్యాసం మీద రంగా విశ్వవిద్యాలయం పేరున్నది కాబట్టి అది నేడు లాం కేంద్రంగా ఉన్న సంస్థ ఖాతాలో నిలుస్తుంది. తెలంగాణ మడుల్లో, ఎస్సారెస్పీ నీటితో పండిన దిగుబడి లెక్క అది. దానిని కృష్ణా డెల్టా ఫలితంగా లెక్కించి ఎరువుల మోతాదు మీద ఉమ్మడి విశ్లేషణ చేస్తే వచ్చే సిఫారసు ఏ ప్రాంతపు రైతుకూ పనికిరాదు. ఖాతా ఎవరిదనే పేచీ కన్నా నాకు దీని గురించే ఎక్కువ ఆందోళన.

ఇందుకు మందు అదే ఏపీఐలో ఉన్నది. రచయితలు అచ్చులో ఇచ్చిన చిరునామా వాక్యాన్ని ఓపెన్ అలెక్స్ మార్చకుండా విడిగా దాస్తుంది. ఆ వాక్యంలోనే పొలాస, జగిత్యాల అనే మాటలను, వాటి ఆంగ్ల వర్ణక్రమాలన్నిటితో, వెదకాలి. విశ్వవిద్యాలయం మారినా ఊరు మారలేదు. జిల్లా మాత్రం మారింది: 2016 అక్టోబరుకు ముందు ఈ మూడు ఊళ్ళూ కరీంనగర్ జిల్లాలోనివి. కరీంనగర్ అనే మాట ఉన్న పాత చిరునామాలను కూడా తెచ్చి, చేత్తో వడపోయక తప్పదు.

తేదీ ఉన్న బంధాలు

కాలంతో కూడిన బంధం కావాలంటే వికీడేటా చూడాలి. అందులో మాతృసంస్థకు పి749 అనే ధర్మం ఉన్నది. ప్రతి వాక్యానికి ప్రారంభ తేదీగా పి580, ముగింపు తేదీగా పి582 జతచేయవచ్చు. స్పార్కిల్ భాషలో ధర్మం పక్కన కూడిక గుర్తు పెడితే ఎన్ని మెట్లు పైకైనా ఒకే ప్రశ్నతో వెళ్ళవచ్చు. కాని ఆ సులభ మార్గంలో తేదీలు కనబడవు. పైగా నేటి మాతృసంస్థకు ‘ప్రాధాన్య’ శ్రేణి ఇచ్చి ఉంటే పాత మాతృసంస్థ జవాబులోకే రాదు. నేటి తల్లి పేరు మాత్రమే అడిగి నేను చేసిన పొరపాటును ఇక్కడ యంత్రమే చేస్తుందన్నమాట. తేదీలతో అడగదలచినవారు సులభ రూపం వదలి, పూర్తి వాక్యాన్ని, దాని విశేషణాలను విడివిడిగా తెచ్చే రూపంలో ప్రశ్న రాయాలి. మెట్లు ఒకొక్కటిగానే ఎక్కవలసి వస్తుంది. వికీడేటాను ఎవరైనా మార్చవచ్చు గనుక ప్రతి తేదీకి ఆధారం ఉన్నదా అని చూడడం మరువరాదు.

తేదీలు దొరికినా ఒక చిక్కు మిగులుతుంది. 2013 వానాకాలంలో నాటిన ప్రయోగం 2015లో అచ్చయితే మాతృసంస్థ ఏది? నాటు పడిననాడు ఒకటి, అచ్చయిననాడు మరొకటి. దీనికి ఒకే జవాబు వెదకడం వ్యర్థమని నా అభిప్రాయం. పట్టికలో రెండు నిలువు వరుసలుండాలి. మొదటిది నాటి మాతృసంస్థ: వ్యాసం మీద రచయితలు రాసినది రాసినట్లే ఉంచాలి, నేటి పేరుతో దిద్దరాదు. అది వారి వాంగ్మూలం. రెండవది నేటి మాతృసంస్థ: ఆ స్థానం బాధ్యత, ఆ మడులు, ఆ విత్తన సేకరణ ఇప్పుడు ఎవరి వద్ద ఉన్నవో వారి పేరు. నిధుల లెక్కకు మొదటి వరుస, రకాల నిర్వహణకు, పాత ప్రయోగాల కొనసాగింపునకు రెండవ వరుస పనికివస్తాయి. రెండింటినీ కలిపి ఒకే అంకెగా అడిగేవారికి ఆ అంకె ఇవ్వకపోవడమే మంచిది.

చిరునామా రాసే పద్ధతి

పైన చెప్పిన శ్రమలో సగం చిరునామాల వల్ల వచ్చినదే. ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి నాలుగు ఆంగ్ల పొడి అక్షరాలు రాసి వదిలేయడం మనకు అలవాటు. జగిత్యాల, వరంగల్, పాలెం స్థానాలకు అవే అక్షరాలు. తిరుపతి, నంద్యాల, అనకాపల్లి, మారుటేరు స్థానాలకూ అవే. స్థానం పూర్తి పేరు, ఊరు, ఆ వెంటనే విశ్వవిద్యాలయం పూర్తి పేరు ఒకే వాక్యంలో ఉండాలి. విశ్వవిద్యాలయం పేరు మరో పంక్తిలోకో, అడుగు సూచికలోకో పోతే యంత్రం దానిని కలిపి చదవలేదు. పత్రిక అడిగితే ఆర్ఓఆర్ గుర్తింపును, రచయిత ఆర్కిడ్ సంఖ్యను ఇవ్వాలి. రాసిన చిరునామాను ఆర్ఓఆర్ ఏపీఐలోని చిరునామా పోలిక సదుపాయానికి ఒకసారి ఇచ్చి చూడడం మంచి అలవాటు. అది దగ్గరి సంస్థలను మార్కులతో చూపి, నమ్మకం కుదిరితే గరిష్ఠంగా ఒకదానిని ఎంచుకుంటుంది. మన విశ్వవిద్యాలయాన్ని కాక మరొకదాన్ని ఎంచుకున్నదంటే, రేపు సూచీలు కూడా అదే పొరపాటు చేసే అవకాశమున్నది.

విత్తనం విషయంలో మన పెద్దలు ఈ జాగ్రత్త ముందే పడ్డారు. జెజిఎల్ అనే మూడక్షరాలు బస్తా మీద ఉన్నంతకాలం ఆ రకం ఎక్కడ పుట్టినదో రైతుకు, డీలరుకు తెలుస్తూనే ఉంటుంది. విశ్వవిద్యాలయం పేరు ఎన్నిసార్లు మారినా జెజిఎల్ 24423 జగిత్యాలదే.

రికార్డులలో లోపం కనబడితే సవరణ కోరే హక్కు ఎవరికైనా ఉన్నది. ఆర్ఓఆర్ వారి అభ్యర్థన పత్రంలో సంస్థ గుర్తింపు, కావలసిన మార్పు, దానికి బహిరంగ ఆధారం ఇస్తే వారు పరిశీలించి తర్వాతి విడుదలలో చేరుస్తారు. పేరెంట్ బంధం కోరినపుడు అవతలి రికార్డులో చైల్డ్ బంధం కూడా పడినదా అని విడుదల తర్వాత చూసుకోవాలి. ఆధారంగా విశ్వవిద్యాలయ శాసనం, ప్రభుత్వ ఉత్తర్వు, అధికారిక వెబ్‌సైటులోని కళాశాలల జాబితా పనికివస్తాయి. ఈ పని ఒక శాస్త్రవేత్త తన వ్యాసం కోసం విడిగా చేసేదానికన్నా, విశ్వవిద్యాలయ గ్రంథాలయం అన్ని స్థానాల తరఫున ఒకేసారి చేయడం మేలు. పాత పేర్లు, ఆంగ్లంలోని వర్ణక్రమ భేదాలు, తెలుగు పేరు, మూడింటినీ అదే అభ్యర్థనలో చేర్చవచ్చు. కోరుట్ల కళాశాల సంగతి పశువైద్య విశ్వవిద్యాలయం గ్రంథాలయం చూడవలసినది. జగిత్యాల, సిరిసిల్లలవి రాజేంద్రనగర్ నుండి వెళ్ళాలి.